పగడపు సున్నము

మన పూర్వులు పగడమునకు పెట్టిన పేర్లను బట్టి చూడగా, వారు దానిని చెట్టుగా భావించిరని తోచును. విద్రుమమనగా విశిష్టమైన ద్రుమము. ప్రవాళమనగా లేజిగురు. కవులు దానిని స్త్రీల పెదవికి పోల్చిరి. జ్యోతిష్కులు కుజునికి కేటాయించిరి. వైద్యులు పుటము పెట్టి, భస్మము చేసి, తేనెతో నాకించిరి. రత్నపరీక్షకులు తొమ్మిది రత్నములలో నొకటిగా జమకట్టిరి. ఇందఱిలో నొక్కరును దానిని ప్రాణి యని యెన్నలేదు.

అందులకు వారిని నిందింప బనిలేదు. యూరపు ఖండపు పండితులును 18వ శతాబ్దము సగము గడచువఱకు ఇంచుమించుగా అట్లే యనుకొనిరి. మార్సిలీ యను ఇటలీ దేశపు ప్రభువు పగడపు కొమ్మను సముద్రపు నీటిలోనే యుంచి చూచి, దానిపై తెల్లని పువ్వులు విచ్చుకొన్నవని ప్రకటించి కీర్తి గడించెను. ఆ తరువాత 1720 ప్రాంతముల మార్సెయిల్సు నగరపు వైద్యుడు పెయిసొనెల్ అనునతడు అవి పువ్వులు కావనియు, నోరును చేతులును గల చిన్న జంతువులనియు కనిపెట్టి, ఆ సంగతిని పారిసు విద్వత్పరిషత్తునకు వ్రాసి పంపెను. అచ్చటి పెద్దలలో నొకడైన రియోమ్యూరు 1727లో దానిని ప్రస్తావించుచు, వ్రాసినవాడు నవ్వులపాలగునేమో యని జాలి తలచి యతని పేరే చెప్పక మానెను! కొన్నియేండ్లకు పెయిసొనెల్ మాటయే నిజమని ఆ రియోమ్యూరే యొప్పుకొనవలసి వచ్చెను. పండితుల జాలి యొక్కొక్కప్పుడు పరిహాసముకంటె క్రూరముగా నుండును.

ఇది జరిగి మున్నూఱేండ్లు కావచ్చినది. శాస్త్రజ్ఞులకు తెలిసిన యీ మాట మన యిండ్లలోనికి మాత్రము సరిగా రాలేదు. ఒక వస్తువును మనమేమని పిలుతుమో దానియెడ అట్లే ప్రవర్తింతుము. చెట్టనుకొన్నవాడు కొమ్మ విఱుచును. రాయి యనుకొన్నవాడు గునపము వేయును. రత్నమనుకొన్నవాడు వెలగట్టును. మేము చెప్పబోవునది ముఖ్యముగా ఆ గునపమును గూర్చియు, దానిని పట్టించిన చేతిని గూర్చియు.

ముందుగా ఒక సందేహమును తీర్చవలెను. నగలలో పొదుగు ఎఱ్ఱని పగడము వేఱు, సముద్రములో దిబ్బలు కట్టు పగడము వేఱు. మొదటిది ప్రధానముగా మధ్యధరా సముద్రపు చీకటి లోతులలో మెల్లమెల్లగా పెరుగును. అది దిబ్బలు కట్టదు. రెండవది వెచ్చని, లోతులేని, తేటయైన నీటిలో వెలుతురు తగులు చోట వసించును. దానినే మన పాఠ్యపుస్తకములు ప్రవాళభిత్తిక యనియు, లోకము పగడపు దిబ్బ యనియు అనుచున్నవి. ఈ దిబ్బకట్టు జీవి గింజంత యుండును. సముద్రజలములో కరగియున్న సున్నమును తీసికొని తన చుట్టు చిన్న గిన్నెను కట్టుకొనును. అది చనిపోయినను గిన్నె నిలుచును. దానిమీద మఱియొకటి కట్టుకొనును. ఇట్లు వేలయేండ్లకు పర్వతమగును. కాని యీ పనికి కావలసిన బలమంతయు దాని సొంతము కాదు. దాని మాంసములోనే అతిసూక్ష్మమైన నాచు కాపురముండి, సూర్యరశ్మిని బట్టి చక్కెరను వండి పెట్టుచుండును. పగడము ఇల్లిచ్చును, నాచు అన్నమిచ్చును. పగడముల యందమైన రంగులు పెక్కింటికి ఆ నాచే కారణము. సముద్రపు నేలలో నూటికి ఒక వంతుకంటె తక్కువైన యీ దిబ్బలమీద, సముద్రప్రాణుల జాతులలో నాల్గవవంతు ఏదో యొక దశలో ఆధారపడి బ్రదుకుచున్నవని శాస్త్రజ్ఞుల యంచనా.

పెరుగుదల మాట కూడ చెప్పవలెను. కొమ్మలు వేయు జాతులు కొంత వడిగా పెరుగును గాని, గుండ్రాళ్ళవలె నుండు దిట్టమైన జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుటయే గొప్ప. అనగా మనిషి యెత్తు పగడపు గుండు మన తాతముత్తాతల కాలమున మొదలైనదన్నమాట. దానిని పెల్లగించుటకు ఇద్దఱు మనుష్యులును, ఒక పూటయు చాలును.

మన దేశమున ఈ కథ మిక్కిలి స్పష్టముగా కనబడు చోటు మన్నారు సింధుశాఖ. తమిళ దేశపు తీరమున రామేశ్వరము దాపునుండి తూత్తుకుడి వఱకు 21 చిన్న దీవులు వరుసగా నున్నవి. వాని చుట్టును పగడపు దిబ్బలున్నవి. తెలుగువారికి ఈ చోటు పరాయిది కాదు. కాశికి పోయినవారు రామేశ్వరమునకు పోవుట మన యిండ్లలో తరతరముల నుండి వచ్చుచున్న యాచారము. పోయినవారు శంఖములను, గవ్వలను, సముద్రపు ఇసుకను తెచ్చుకొందురు. ఆ నీటి క్రింద ఏమున్నదని యడిగినవారిని మేమెఱుగము.

మేము కొన్నియేండ్ల క్రిందట సకుటుంబముగా ఆ యాత్ర చేసినప్పుడు ధనుష్కోటికి పోయితిమి. 1964 డిసెంబరు తుపానులో నాశనమైన యూరది. ఇప్పుడు నిలిచియున్నవి కొన్ని మొండిగోడలు మాత్రమే. వానిలో ఒక పాత చర్చి గోడ కలదు. ఎండలో దాని దగ్గఱకు పోయి చూడగా ఆ రాళ్లమీద చిన్న చిన్న నక్షత్రములు చెక్కినట్లు వేలకొలది గుంటలు కనబడినవి. మా చిన్నపిల్ల వ్రేలితో తడవి, "నాన్నగారూ, ఈ ముగ్గులెవరు వేసినారు?" అని యడిగెను. అవి ముగ్గులు కావు. ఒక్కొక్క నక్షత్రము ఒక్కొక్క జీవి కాపురమున్న గిన్నె. గోడ గోడంతయు పగడపు రాయి. పైపూత రాలిపోయినందున లోపలి యెముకలు బయటపడినవి. మాతో వచ్చిన యాత్రికులు ఆ గోడకానుకొని ఛాయాచిత్రములు తీయించుకొనుచుండిరి. ఊరిలో మఱియొకచోట తొట్టెలో తేలుచున్న రాళ్లకు పూజ జరుగుచున్నది. ఆ రాళ్లలో రెండు మూడింటిమీదను మాకు అవే గుంటలు కనబడినట్లు తోచెను గాని, పూజారిగారి నడుగు ధైర్యము మాకు లేకపోయెను.

ఒక చర్చి గోడతో సముద్రమునకు వచ్చిన లోటు లేదు. రాయి దొరకని యిసుక తీరమున అందుబాటులో నున్న దానితో కట్టుకొనిరి. కాని క్రమముగా పగడము వర్తకవస్తువైనది. మన యిండ్లకు గుల్లసున్నమెట్లో ఆ తీరమునకు పగడపు సున్నమట్లు. పగడమును బట్టీలో కాల్చిన మంచి సున్నము వచ్చును. ఏలయన దాని యెముక యావత్తు సున్నపురాయియే. ఇండ్లకును, బాటలకును, పిమ్మట కార్బైడు మొదలైన రసాయనములు చేయు కర్మాగారములకును అది పనికివచ్చినది. పాటుపోటులలో నీరు తగ్గినప్పుడు పడవలలో పోయి, గునపములతో పెల్లగించి, ఒడ్డునకు చేర్చుట వందల కుటుంబములకు జీవనాధారమైనది. ఏటేట వేల టన్నులు ఇట్లు తీరమున కెక్కినవి. ఫలితముగా ఆ 21 దీవులలో రెండు, పూవరసన్‌పట్టి, విళంగుచల్లి యనునవి, ఇప్పుడు నీటి మట్టమునకు క్రిందనున్నవి.

దీవి మునుగుట యెట్లని యడుగవచ్చును. ఆ దీవులు కొండలు కావు. దిబ్బవలన రాలిన పగడపు ముక్కలును, ఇసుకయు పోగుపడి యేర్పడిన తిన్నెలు. సముద్రము నుండి వచ్చు అల మొదట దిబ్బకు తగిలి విఱిగి, బలము చెడి, మెత్తనై తిన్నెను చేరును. దిబ్బ లేని నాడు అదే అల నిండు బలముతో వచ్చి ఇసుకను కోసికొని పోవును. గట్టు తెగిన మడిలో నీరు నిలుచునా? ఇదియు అంతే.

ప్రభుత్వము ఊరకుండలేదు. 1986లో ఈ దీవులను, చుట్టునున్న నీటిని సముద్రజాతీయోద్యానముగా ప్రకటించిరి. 1989లో ఆ సింధుశాఖను జీవావరణ రక్షిత ప్రదేశముగా నిర్ణయించిరి. 2001లో దిబ్బలు కట్టు పగడములన్నింటిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో, అనగా పులిని, ఏనుగును చేర్చిన పట్టికలో, చేర్చిరి. అయినను త్రవ్వకము 2005 ప్రాంతమునకు గాని ఆగలేదు. 2004 డిసెంబరులో వచ్చిన సునామీ చట్టము చేయలేని పనిని కొంత చేసినదని చెప్పుదురు. ఆ దినమున దీవులును దిబ్బలును తమ యూళ్ళకు అడ్డుగా నిలిచినవని తీరవాసులు కన్నులార చూచిరట.

ఇచ్చట మా స్నేహితులలో ఒకరితో మాకు వాదము జరిగినది. ఆయన సంస్కారవంతులు, పెక్కు గ్రంథములు చదివినవారు. "ఆ పల్లెవారికి చదువు లేకపోవుటచేత గదా యింత నాశనము జరిగినది! ముందు వారికి జ్ఞానము కలిగింపవలెను" అనిరి. మేము ఒప్పుకొనలేదు. గునపము పట్టినవానికి ఆ దిబ్బలో ఏ చేప యెక్కడ గ్రుడ్డు పెట్టునో తెలియును. ఆ సంగతి తెలియనివాడు సున్నము కొన్నవాడు. బట్టీ యజమాని, కంట్రాక్టరు, కర్మాగారపు భాగస్థుడు, ఇల్లు కట్టుకొన్న గృహస్థుడు, వీరందఱును చదువుకొన్నవారే. దినకూలికై నడుమంటి నీటిలో నిలిచి చేతులు కోసికొన్నవానికి అజ్ఞానమును, ఆ సున్నముతో తెల్లగా పూసిన గదిలో కూర్చున్నవానికి జ్ఞానమును పంచిపెట్టుట మనకు అలవాటైపోయినది. ఏ సంస్కరణములోనైనను ఈ పొరపాటు తఱచుగా జరుగుచున్నది. కల్లు త్రాగువానికి ఉపన్యాసము, కల్లు పాట పాడుకొన్నవానికి పూలదండ!

మా మాటకు ఋజువుగా ఆ తీరపు స్త్రీలను చూపుదుము. పాంబను పరిసరముల పల్లెల స్త్రీలు కొన్ని తరములుగా దీవుల చుట్టు మునిగి సముద్రపు నాచును కోసి యమ్ముకొని బ్రదుకుచున్నారు. జాతీయోద్యానమేర్పడిన తరువాత వారి పని నిషిద్ధమైనది. వలలు పడవలు లాగికొనుటయు, వారిని దొంగలవలె చూచుటయు జరిగినది. వారు సంఘముగా కూడి తమకు తామే కట్టుబాట్లు చేసికొనిరి. నెలకు 12 దినములు మాత్రమే దిగుట, పగడమును గీచు ఇనుప పనిముట్లు మానుట మొదలైనవి వానిలో ముఖ్యమైనవి. ఈ కృషికి నాయకురాండ్రలో నొకరైన చిన్నపాలెము లక్ష్మీమూర్తిగారికి 2015లో అమెరికాలోని సీకాలజీ సంస్థవారు బహుమాన మిచ్చిరి. బడికి పోయి చదువుకొను వసతి లేని స్త్రీలు చేసిన శాసనమిది. రాజధానిలో కూర్చుండి వ్రాసిన శాసనముకంటె ఇది తక్కువదని మేమనుకొనము. వారిని నీటినుండి వెళ్ళగొట్టి పగడమును రక్షింపవచ్చునను వాదమును మేమెన్నడు అంగీకరింపలేము. ఆ నీటికి కాపు కాయగలవారు వారికంటె వేఱొకరు లేరు.

మేలు తలపెట్టి చేసిన పనియు కీడగుటకు ఇచ్చటనే మఱియొక దృష్టాంతము కలదు. తీరవాసులకు వేఱు జీవనము చూపవలెనని కప్పాఫైకస్ అను పరదేశపు నాచును తెప్పించి తెప్పలమీద పెంపించిరి. దానినుండి తీసిన జిగురు ఐస్‌క్రీములలోను, పండ్లు తోముకొను పేస్టులలోను చిక్కదనము కొఱకు వాడుదురు. ఆ నాచు తెప్పలు దాటి కురుసడై దీవి చుట్టునున్న పగడములపై పరుచుకొని వానికి వెలుతురు లేకుండ చేయుచున్నదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మనము ప్రొద్దుట లేచి చేయు మొదటి పనికిని, నాలుగువందల క్రోసుల దూరమున నీటి క్రింద ఊపిరాడని జీవికిని ఇంత దగ్గఱి చుట్టఱికమున్నదని యెవరనుకొందురు?

ఇక రత్నమనుకొన్నవారి సంగతి. మాకు తెలిసిన యొక కుటుంబమున పెండ్లి కావలసిన పిల్ల కలదు. డిగ్రీ ముగించి ఉద్యోగము చేయుచున్నది. జాతకములో కుజదోషమున్నదని సంబంధములు రెండు మూడు తప్పిపోగా, ఒక జ్యోతిష్కుడు అసలు పగడమును బంగారములో పొదిగి అనామికకు ధరింపుమనెను. దానివెల ఆ పిల్ల నెల జీతమునకు మించినది. "పెట్టుకొన్న పోయినదేమున్నదండీ మాస్టారూ, దాని పెండ్లి కుదిరిన చాలును గదా" యని తల్లిగారు మాతో ననిరి. పోయినదేమున్నదో చెప్పవలసివచ్చెను. ఆ యెఱ్ఱ పగడము మధ్యధరా సముద్రములో ఏడాదికి ఒక మిల్లీమీటరైనను లావెక్కదు. వెనుకటి దినములలో కొయ్య దూలములను శిలువవలె కట్టి, వలలు వ్రేలాడదీసి, సముద్రపు అడుగున ఈడ్చి, దొరకినది తీసికొని, దొరకనిదానిని పిండి చేసిపోయెడివారు. ఐరోపా సంఘమువారు 1994లో దానిని నిషేధించిరి. ఎఱ్ఱ పగడపు అంతర్జాతీయ వ్యాపారమునకు హద్దులు పెట్టవలెనని 2010లో దోహా నగరపు సభలో వచ్చిన ప్రతిపాదన నెగ్గలేదు. వర్తకులకు కావలసినది గిరాకి. మన దేశమున ఆ గిరాకిలో కొంత భాగము ఆడపిల్లల జాతకముల నుండి పుట్టుచున్నది. పిల్లకు లేని దోషమును అంటగట్టి, ఆ దోషమును పోగొట్టుటకై సముద్రములో నొక ప్రాణిని విఱిచి తెచ్చి, దానిని పిల్ల చేతికి తొడుగుట! ఇందులో ఒక్క అన్యాయము కాదు, రెండున్నవి, రెంటికిని మూలమొక్కటే. మంగళసూత్రములో పగడపు పూసలు వేయు ఆచారము వేఱు. అంగళ్లలో దొరకు పూసలలో చాలవఱకు గాజువో, రంగు వేసినవో; ఆ గాజుపూసలు పుస్తెకు వన్నె తక్కువ చేసినట్లు మేమెక్కడను చూడలేదు. తల్లిగారు మా మాట విని యేమియు అనలేదు. పిల్ల మాత్రము, "ఉంగరము లేకుండ వచ్చినవానినే చేసికొందునమ్మా" అనెను.

గునపమాగినది, ఉంగరమును ఒకరిద్దఱైనను మానుకొందురు. మిగిలినది వేడిమి. పైన చెప్పిన నాచు కాపురము అతి సున్నితమైనది. వేసవిలో నీరు ఎప్పటి గరిష్ఠముకంటె ఒక డిగ్రీ హెచ్చి కొన్ని వారములట్లే నిలిచిన, పగడము నాచును వెడలగొట్టును. రంగు పోయి లోపలి సున్నము తెల్లగా కనబడును. కాల్చకయే సున్నమైనట్లుండును. నీరు త్వరగా చల్లబడిన మరల కోలుకొనును. లేనిచో ఆకలితో చచ్చును. ప్రపంచమంతటను ఇట్లు 1998లోను, 2010లోను, 2014 నుండి 2017 వఱకును జరిగినది. 2023లో మొదలైన నాలుగవది అన్నింటికంటె పెద్దది. 2025 నాటి లెక్క ప్రకారము లోకములోని పగడపు దిబ్బల విస్తీర్ణములో నూటికి 84 వంతులు ఆ వేడిమి పాలైనవి. 2024లో మన లక్షద్వీపములును తెల్లబడినవి.

ఈ వేడిమి యెవరి చేతిది? దీనికి గునపము పట్టినవాడు కనబడడు. బొగ్గు కాల్చి చేసిన విద్యుత్తుతో చల్లబడు గదులలోను, ఒక్కడికై నడచు మోటారు వాహనములలోను, అవసరమునకు మించి కట్టుకొన్న మేడలలోను వాడు చెల్లాచెదరై యున్నాడు. సిమెంటు మాటయే చూడుడు. పగడపు సున్నము మానితిమి, సిమెంటునకు మారితిమి, పాపము పోయినదని సంతోషించితిమి. సిమెంటు చేయుటకును సున్నపురాయినే కాల్చవలెను. కాల్చినప్పుడు ఆ రాతిలో దాగిన బొగ్గుపులుసు గాలి బయటికి వచ్చును. లోకమున మనుష్యులు విడుచు ఆ వాయువులో నూటికి ఏడెనిమిది వంతులు సిమెంటుదే. ఒక యిల్లు మానినంత మాత్రమున సముద్రము చల్లబడునా యని మాతో చాలమంది యందురు. ఒక బాల్యవివాహము మానినంత మాత్రమున దేశము బాగుపడునా యని వీరేశలింగముగారి నాటివారును అనియుందురు. చేయదలచినవాడు అడుగు ప్రశ్న వేఱుగా నుండును. మేడమీద మఱియొక గది అవసరమా, ఈ యేడు గోడలకు సున్నము చాలదా, పది నిమిషముల నడకకు బండి యెందుకు అని అతడు తన యింటిలోనే లెక్క చూచుకొనును. మా బడి పిల్లలచేత ఈ లెక్కలు వేయించితిమి. పెద్దలకంటె వారికి త్వరగా తెలిసినది.

తూత్తుకుడి యెదుట వాన్ దీవి యని యొకటి కలదు. దాని చుట్టును పగడము విశేషముగా త్రవ్వబడినది. దీవి క్రమముగా కోసికొనిపోయి 2015 నాటికి రెండు హెక్టార్లకు లోపుగా మిగిలినది. మునిగిన రెంటితో ఇది మూడవది కాకుండుటకై తమిళనాడు ప్రభుత్వమును, తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థవారును పూనుకొని, దీవికి సముద్రపు వైపున కాంక్రీటు దిమ్మెలను నీటిలోనికి దింపించిరి. సున్నము కొఱకు తీసిన దిబ్బకు బదులు సిమెంటుతో దిబ్బ కట్టవలసి వచ్చినదన్నమాట. అది పనిచేసినది. దిమ్మెల వెనుక అలల బలము తగ్గి ఇసుక మరల పోగుపడినది. చేపలు వచ్చి చేరినవి. దిమ్మెలమీద, ఎవరును నాటకయే, పగడపు పిల్లలు పట్టుకొన్నవి. మొదటి దిమ్మెలను దింపినది 2015 డిసెంబరులో. 2016 వేసవిలో ఆ సింధుశాఖ నీరు కాగి, 21 దీవుల వరుస పొడవునను పగడములు తెల్లబడి, వానిలో పెక్కులు మరల రంగెక్కలేదు.